టీచర్ల ఆశావాదం ముందా, పిల్లల పురోగతి ముందా?

తెల్లసుద్ద:
బడి ప్రిన్సిపాల్‌గా నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్నను చర్చకు పెడుతున్నాను. శిక్షణ తరగతులకు వచ్చే వక్తలందరూ ఒకటే మాట చెబుతారు: టీచర్లు నమ్మితే పిల్లలు ఎదుగుతారు, కాబట్టి మీ టీచర్లలో ఆశావాదం నింపండి. మొదటి సగంతో నాకు తగాదా లేదు. నింపడం దగ్గరే పేచీ. స్టాఫ్ రూములో వినిపించే నిరాశ ఎవరికీ పుట్టుకతో వచ్చింది కాదు. ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చెప్పినా సగం తరగతికి అందనప్పుడు పుడుతుంది. అలాంటి మనిషికి ఉపన్యాసం వినిపిస్తే ఆ పూటకు చప్పట్లు కొడతారు, మర్నాడు అదే తరగతికి అదే మనసుతో వెళతారు.

థామస్ గస్కీ అనే విద్యా పరిశోధకుడు 1986లో ఈ విషయం మీదే ఒక నమూనా ప్రతిపాదించారు. టీచరు నమ్మకం మారితే బోధన మారుతుందని, బోధన మారితే ఫలితం మారుతుందని అందరూ అనుకుంటారు. ఆయన ఆ వరుసను తిరగేశారు. ముందు బోధనలో ఒక మార్పు, దానివల్ల పిల్లల పనిలో కంటికి కనిపించే తేడా, ఆ తేడా చూశాకే టీచరు నమ్మకంలో మార్పు. నేను బడిలో చూసింది ఈ వరుసకే దగ్గరగా ఉంది. కాబట్టి ఆశావాదంతో ఉండమని టీచర్లను ఆదేశించడం వృథా అంటాను. పురోగతి వాళ్ల కంటపడే ఏర్పాటు చేయడమే ప్రిన్సిపాల్ పని. కాదనేవారు చెప్పండి.

పాతరిజిస్టరు:
రిటైరైన హెడ్మాస్టర్ని. కాదనే అంటాను. ఫలితం కనిపించేదాకా నమ్మనని కూర్చున్న టీచరు మీరు చెప్పే ఆ మొదటి మార్పైనా ఎందుకు చేస్తారండీ? మీ వరుసలో మొదటి మెట్టు ఎక్కించేది కూడా నమ్మకమే.

పైగా ఇది ఒక్కొక్క టీచరు మనసుకు సంబంధించింది కాదు, బడి మొత్తానికి ఉండే గుణం. వేన్ హోయ్, జాన్ టార్టర్, అనితా వుల్ఫోక్ హోయ్ అమెరికాలోని ఒహాయో హైస్కూళ్లను అధ్యయనం చేసి 2006లో దీనికి విద్యాపరమైన ఆశావాదం అని పేరు పెట్టారు. మేమంతా కలిసి ఈ పిల్లలకు నేర్పగలమన్న ధీమా, పిల్లల మీదా తల్లిదండ్రుల మీదా టీచర్లకున్న విశ్వాసం, చదువుకే పెద్దపీట వేసే వాతావరణం, ఈ మూడూ కలిస్తే అది. కుటుంబాల ఆర్థిక స్థితినీ పిల్లల పాత మార్కులనూ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ గుణానికీ ఫలితాలకూ సంబంధం కనిపించింది. 1966లో అమెరికా బడుల మీద సామాజిక శాస్త్రవేత్త కోల్‌మన్ నివేదిక వచ్చాక ఇంటి పరిస్థితే అంతా, బడి చేయగలిగింది తక్కువ అన్న మాట చాలామందికి సాకుగా దొరికింది. ఆ సాకుకు ఇది గట్టి జవాబు.

భిన్నాలు:
నేను లెక్కల టీచర్ని. ప్రిన్సిపాల్ గారూ, మీ మొదటి పేరా చదివి సంతోషించాను, రెండోది చదివి అనుమానం వచ్చింది. ఆ ‘ఏర్పాటు’ ఏమిటో మీరు చెప్పనేలేదు.

నా సంగతి వినండి. భిన్నాల కూడిక చెప్పాలి. ఎదురుగా కూర్చున్నవారిలో కొందరికి భాగహారం రాదు, కొందరికి గుణకారం ఎక్కాలే తడబాటు. భాగహారం దగ్గరికి వెనక్కి వెళితే పోర్షన్ వెనకబడిందని సంజాయిషీ అడుగుతారు. వెళ్లకపోతే ఆ పిల్లలు పై తరగతికి కూడా అదే లోటుతో వెళతారు. ఈ స్థితిలో నవ్వుముఖంతో అందరూ సాధిస్తారనడం గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్లుంటుంది. ఫలితాలు బాగుంటే బడి గొప్పతనం, బాగోకపోతే టీచరు దృక్పథ లోపం! ఈ లెక్క నాకు ఎప్పుడూ సరిపోలేదు.

గణాంకం:
విద్యాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. పాతరిజిస్టరు గారూ, మీరు చెప్పిన అధ్యయనం సంబంధం చూపించింది, ఏది ఏ వైపు నుంచి వచ్చిందో తేల్చలేదు. బాగా నేర్చుకునే పిల్లలున్నచోట టీచర్లకు ధీమా పెరగడం కూడా సహజమే. పాత మార్కులను లెక్కలోకి తీసుకున్నంత మాత్రాన ఈ సందేహం పూర్తిగా తీరదు.

ఎలాగూ ఎవరో ఒకరు తెస్తారు కనుక రోసెంతాల్, జాకబ్సన్‌ల ప్రయోగం సంగతి నేనే చెబుతాను. అది 1968లో ప్రచురితమైంది. కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో దాదాపు ఐదో వంతు పిల్లల పేర్లను ఏ ఆధారమూ లేకుండా ఎంచి, వీళ్లు ఈ ఏడాది బాగా వికసించబోతున్నారని టీచర్లకు చెప్పారు. ఏడాది తర్వాత తెలివితేటల పరీక్షలో ఆ పిల్లలు మిగతావారికంటే ముందుకు వెళ్లారు. శిక్షణ తరగతుల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. ఆ తేడా ప్రధానంగా ఒకటి, రెండు తరగతుల్లోనే కనిపించిందని ఎవరూ చెప్పరు. అంత చిన్న పిల్లల విషయంలో ఆ పరీక్ష కొలతలనే నమ్మలేమని రాబర్ట్ థార్న్‌డైక్ ఆ ఏడాదే విమర్శించారు. 1984లో స్టీఫెన్ రాడెన్‌బుష్ అలాంటి 18 ప్రయోగాలను కలిపి విశ్లేషిస్తే ఇంకా ఆసక్తికరమైన విషయం బయటపడింది: టీచర్లకు ఆ పిల్లలతో అప్పటికే రెండు వారాలకు మించి పరిచయం ఉన్నచోట ప్రభావం దాదాపు లేదు. తమ కళ్లతో చూసినదాన్ని పక్కనపెట్టి ఇతరులు చెప్పిన ఆశను టీచర్లు నమ్మలేదన్నమాట. ఇది ప్రిన్సిపాల్ గారి వాదనకే బలం.

జసిమ్, హార్బర్ 2005లో చేసిన సమీక్ష ప్రకారం టీచరు అంచనా వల్ల పిల్లల చదువు మారడం నిజమే కానీ ఆ మార్పు సాధారణంగా స్వల్పం. అంచనాలు నిజం కావడానికి ఎక్కువగా కారణం అవి సరైన అంచనాలు కావడమే. అయితే సమాజం చిన్నచూపు చూసే వర్గాల పిల్లల మీద ఆ ప్రభావం బలంగా ఉండవచ్చనీ వారే అన్నారు. అందుకే దీన్ని కొట్టిపారేయలేను.

వెనకబెంచీ:
నేను టీచర్ని కాను, ఒక అమ్మాయికి తల్లిని. మీరంతా ఆశావాదం ఎలా వస్తుందని వాదించుకుంటున్నారు. నాకు దాని మీదే విసుగు వచ్చింది. ప్రతి పేరెంట్స్ మీటింగులోనూ ‘బాగానే చదువుతోంది, కంగారుపడకండి’ అన్నారు. ఇంట్లో పేరా చదవమంటే కూడబలుక్కుంటోంది. అడిగితే ‘నెమ్మదిగా వచ్చేస్తుంది’ అన్నారు. ఏది వస్తుంది, ఎలా వస్తుంది, ఎవరు తెప్పిస్తారు? నిరాశతోనైనా సరే, మా అమ్మాయికి ఏది రాదో తేల్చి చెప్పే టీచరు నాకు కావాలి.

తెల్లసుద్ద:
వెనకబెంచీ గారూ, మీకు ఎదురైనదాన్ని నేను ఆశావాదం అనను. ఆ అమ్మాయి నుంచి ఇంతకంటే ఆశించలేమని లోపల తేల్చుకుని, పైకి తీపి మాట చెప్పడం అది. పిల్లలకు అది తెలిసిపోతుంది కూడా. 1970లో బ్రోఫీ, గుడ్ తరగతి గదుల్లో కూర్చుని గమనించినప్పుడు ఇదే బయటపడింది. తక్కువ అంచనా ఉన్న విద్యార్థి జవాబు చెప్పలేకపోతే టీచర్లు వెంటనే జవాబు తామే చెప్పేయడమో, ఇంకొకరిని లేపడమో ఎక్కువ. తెలివైనవాడని పేరున్న విద్యార్థి తడబడితే మాత్రం ప్రశ్నను మార్చి అడుగుతారు, చిన్న ఆధారం ఇస్తారు. ఇందులో దురుద్దేశం ఉండదు. తడబడే పిల్లవాడిని నలుగురిలో ఇబ్బంది పెట్టకూడదన్న దయతోనే చాలామంది అలా చేస్తారు. ఆ దయే పిల్లవాడిని ముంచుతుంది.

టీచరు గుండెలో ఆశ ఉందో లేదో నేను చూడలేను. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగారో చూడగలను. సాధారణంగా టీచర్లు సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా వస్తాయని, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారని మేరీ బడ్ రో పరిశోధనలు చూపాయి. కాబట్టి తరగతిలో కూర్చున్నప్పుడు నేను బోర్డు వైపు తక్కువ చూస్తాను. ప్రశ్న ఎవరి దగ్గరికి వెళ్లింది, ఎంతసేపు ఆగింది, తప్పు జవాబు తర్వాత ఏం జరిగింది అన్నవే రాసుకుంటాను.

భిన్నాలు గారూ, మీరడిగిన ఏర్పాటు చెబుతాను. స్టాఫ్ మీటింగులో ‘వాడికి లెక్కలు రావు’ అన్న మాట నేను ఒప్పుకోను. ‘అప్పు తెచ్చుకునే తీసివేతలో పక్క అంకెను తగ్గించడం మరచిపోతున్నాడు’ అంటే ఒప్పుకుంటాను. మొదటిది తీర్పు, దాని తర్వాత చేయడానికి ఏమీ ఉండదు. రెండోదానికి రేపటి పీరియడ్‌లో పని దొరుకుతుంది. ఆ పని జరిగాక అదే విద్యార్థి పాత పేజీని, కొత్త పేజీని పక్కపక్కన పెట్టి టీచరుకు చూపిస్తాం. మార్కుల సగటు అంత త్వరగా కదలదు, నోటు పుస్తకంలో ఒక రకం తప్పు మాయమవడం మాత్రం త్వరగానే కనిపిస్తుంది. ‘వాళ్లు మారరు’ అని అంతవరకూ గట్టిగా వాదించినవారు కూడా ఆ పేజీలు చూశాక ఇంకో పిల్లవాడి పుస్తకం తెరిచారు.

పాతరిజిస్టరు:
అదంతా బాగుంది. కానీ ‘రావు’ అన్న మాటను ఒప్పుకోనని మీటింగులో అనగలుగుతున్నారే, ఆ పట్టుదల మీకు ఎక్కడిది? ఫలితాలు చూశాక వచ్చిందా? ముందే ఉండి ఉంటుంది. దానికి పేరు పెట్టడానికి మీకు మొహమాటం, అంతే.

తెల్లసుద్ద:
ఒకరికి ఉంటే చాలు మాస్టారూ, అందరికీ ముందే ఉండనక్కర్లేదు. నా వాదన అంతవరకే.

గణాంకం:
రెండు వారాల విషయం నుంచి ఆచరణకు పనికొచ్చేది ఒకటుంది. కొత్త తరగతి మొదలయ్యే ముందు పాత టీచరు అభిప్రాయాలను కొత్త టీచరుకు అందించకుండా ఆపవచ్చు. మొదటి అంచనా సొంత కళ్లతోనే ఏర్పడుతుంది.

భిన్నాలు:
అది మాత్రం కుదరదండీ. ఎవరికి భాగహారం రాదో ముందే తెలిస్తే నాకు చాలా పీరియడ్లు మిగులుతాయి. ‘మొద్దు’, ‘చురుకు’ లాంటి మాటలు వద్దంటే సరే, ఏ లెక్క దగ్గర ఆగిపోయారో మాత్రం చెప్పాలి. ప్రిన్సిపాల్ గారు చెప్పిన తేడా ఇక్కడా వర్తిస్తుంది.

ప్రిన్సిపాల్ గారికి ఒక్క మాట. పేజీలు పక్కపక్కన పెట్టడం నాకు నచ్చింది, చేస్తాను కూడా. కానీ పాత లోటు పూడ్చడానికి పట్టే సమయం పోర్షన్‌లో ఎక్కడుంది? అది మీరు చెప్పకుండా దాటేశారు.

వెనకబెంచీ:
ఆ పేజీలు తల్లిదండ్రులకూ చూపిస్తారా, లేక స్టాఫ్ రూము వరకేనా?

తెల్లసుద్ద:
చూపించాలి. ‘బాగానే చదువుతోంది’ అనడానికి బదులు అవే చూపించాలి. ఇక పోర్షన్ గడువు టీచరు చేతిలో ఉండదు, ప్రిన్సిపాల్ చేతిలో కొంత ఉంటుంది. ఆ కొంతనైనా సడలించని ప్రిన్సిపాల్‌కు ఆశావాదం గురించి మాట్లాడే అర్హత లేదు.

భిన్నాలు:
అయితే వారానికి రెండు పీరియడ్లు పోర్షన్ లెక్కలోంచి తీసేసినట్లు టైంటేబుల్ మీద రాసి సంతకం పెట్టండి. ఆశావాదం ముందా, పురోగతి ముందా అన్నది మీరూ పాతరిజిస్టరు గారూ తేల్చుకోండి.