ఆసుపత్రి కాన్పులు 89 శాతానికి చేరాయి, ఇకపై ముందు ఖర్చు ఎక్కడ పెట్టాలి?

గణాంకాల_గది (ప్రశ్న)

2005-06లో దేశం మొత్తం మీద నూటికి 39 కాన్పులు కూడా ఆసుపత్రిలో జరిగేవి కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి అది 88.6 శాతం. జననీ సురక్ష డబ్బు, 108 బండి, ఆశా కార్యకర్తలు కలిసి చేసిన పని అది. మాతృ మరణాలు లక్ష సజీవ జననాలకు 2014-16లో 130 ఉంటే 2018-20లో 97కి దిగాయి. నెలలోపు పసికందుల మరణాలు మాత్రం 2019-21 సర్వేలో కూడా వెయ్యికి 25 దగ్గరే ఉన్నాయి. 2030కి చేరాల్సిన అంకెలు తల్లులకు 70, పసికందులకు 12.

జాతీయ ప్రాధాన్యాలు మూడో నాలుగో మాత్రమే రాయమంటే ఏవి రాస్తారు? అన్నీ ముఖ్యమే అనే జవాబు వద్దు. ఏది ముందు, ఎందుకు, పని జరిగిందో లేదో దేనితో కొలవాలి, ఇవి చెప్పండి.

లేబర్‌రూమ్_నైట్‌డ్యూటీ

కాన్పు గదే మొదటిది. తల్లిని గుమ్మం దాకా తెచ్చాం, గుమ్మం లోపల జరిగేది బాగుపడాలి. కాన్పు గదులను మెరుగుపరచడానికి 2017 డిసెంబరులో మొదలైన కేంద్ర పథకం ‘లక్ష్య’ ఉద్దేశమూ ఇదే. కానీ టైల్స్, కర్టెన్లు వచ్చినంత త్వరగా అలవాట్లు రావు.

రక్తస్రావం సంగతే తీసుకోండి. తడిసిన గుడ్డలు చూసి ‘మామూలుగానే పోయింది’ అని కేస్‌షీట్‌లో రాస్తారు. కంటి అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతుంది. బిడ్డ పుట్టగానే తల్లి పిరుదుల కింద పరిచే, మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ సంచి ఉంటే 500 గీత దాటడం అందరికీ కనిపిస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో దాదాపు 80 ఆసుపత్రుల్లో ఇలా కొలిచి, చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టి చూశారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం కలిపి 60 శాతం తగ్గాయి. 2023లో వచ్చిన ఈ-మోటివ్ అనే అధ్యయనం ఫలితం అది.

ఒకేసారి అంటే గర్భసంచి మర్దన, గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, మాయ ముక్క మిగిలిందా, ఎక్కడైనా చిరిగిందా అని చూడటం, అన్నీ కలిపి. ఒకటి పనిచేయలేదని తేలాక రెండోది అనుకుంటూ పోతే అరగంట ఇట్టే గడిచిపోతుంది. ట్రానెక్సామిక్ 1 గ్రాము నరంలోకి 10 నిమిషాల్లో మెల్లగా ఎక్కించాలి, కాన్పైన 3 గంటలలోపే.

ఇంకోటి ఆక్సిటోసిన్ నిల్వ. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఆంపూల్స్ ఎండాకాలంలో ట్రేలో రోజుల తరబడి పడి ఉంటాయి. మందు సత్తువ తగ్గుతుంది, గర్భసంచి గట్టిపడదు, కారణం ఎవరికీ తట్టదు. పీహెచ్‌సీలో టీకాలు దాచే ఫ్రిజ్ (ఐఎల్ఆర్) ఎలాగూ ఉంటుంది. అందులో వేరే డబ్బా పెట్టి దీనికీ చోటివ్వాలి, ట్రేలోకి ఆ పూటకు సరిపడా మాత్రమే తీయాలి.

బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన తల్లిని మందివ్వకుండా బండి ఎక్కించడం దారుణం. పీహెచ్‌సీలో ఫిట్స్ ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్ 50 శాతం ఆంపూల్స్ ఉంటాయి, ఒక్కోటి 2 మి.లీ.లో 1 గ్రాము. ఒక్కో పిరుదులో లోతుగా అయిదేసి గ్రాములు, మొత్తం 10 గ్రాములు ఇచ్చాకే రిఫర్ చేయాలి. ఊపిరి ఆగుతుందనే భయంతో చాలామంది వెనక్కి తగ్గుతారు. ఊపిరి నిమిషానికి 16 కంటే తగ్గిందా, మోకాలి ప్రతిచర్య ఉందా, మూత్రం గంటకు కనీసం 30 మి.లీ. వస్తోందా అని చూడాల్సింది తర్వాతి డోసులకు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉంచుకోవాలి.

కొలమానం: ఎన్ని కాన్పుల కేస్‌షీట్లలో రక్తం మి.లీ.ల్లో రాసి ఉంది.

పసికందు_బరువు

పై జవాబు తల్లి దగ్గర ఆగింది. పిల్లల మరణాలు తగ్గాలంటే తక్కువ బరువు బిడ్డని తల్లి నుంచి విడదీయడం మానాలి. ఇప్పటికీ చాలాచోట్ల బిడ్డ ఎస్ఎన్‌సీయూలో (జబ్బు పసికందుల ప్రత్యేక విభాగం), తల్లి వార్డులో, మధ్యలో రెండంతస్తుల మెట్లు. 2021లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను, కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టగానే తల్లి రొమ్ముకు ఆనించి కంగారూ సంరక్షణ మొదలుపెడితే నెలలోపు మరణాలు 25 శాతం తగ్గాయి. దీనికి కావాల్సింది ఎస్ఎన్‌సీయూ లోపల తల్లికి మంచం, బాత్రూమ్, వేళకు భోజనం. యంత్రాల బడ్జెట్‌లో వీటికి పద్దే కనిపించదు.

ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలో ఊపిరి అందించే బ్యాగ్-మాస్క్ అందాలి. 0, 1 సైజు మాస్కులు రెండూ బిడ్డని వెచ్చగా ఉంచే రేడియంట్ వార్మర్ మీదే ఉండాలి, తాళం వేసిన బీరువాలో కాదు.

ఐరన్_మాత్ర

కాన్పు గది ముఖ్యమే, కాదనను. కానీ హిమోగ్లోబిన్ 7తో వచ్చిన తల్లికి 500 మి.లీ. దాకా ఆగే వెసులుబాటు లేదు. అదే సర్వేలో గర్భిణుల్లో 52.2 శాతానికి రక్తహీనత. ఐరన్ మాత్రలు 180 రోజులు వాడామన్న తల్లులు 26 శాతమే. పంపిణీ లెక్క నిండుగా ఉన్నా మాత్ర కడుపులోకి వెళ్లడం లేదు. నల్లగా విరేచనం, వికారం, మలబద్ధకం మామూలేనని ముందే చెప్పకపోతే వారానికే మానేస్తారు. ఐరన్‌ని, కాల్షియంని ఒకే పూట ఇవ్వకూడదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగే ఇళ్లలో ఐరన్ రాత్రి పడుకునేముందు చెబితే మేలు.

రోజుకు రెండు మాత్రలు వేసుకున్నా నెలలో హిమోగ్లోబిన్ 1 గ్రాము పెరగకపోతే మాత్రల మీదే కూర్చోకుండా, నెలలు నిండకముందే నరం ద్వారా ఐరన్ ఇవ్వాలి. పంచిన స్ట్రిప్‌లు కాదు, ఎనిమిదో నెలలో హిమోగ్లోబిన్ ఎంతన్నదే కొలమానం కావాలి.

జిల్లా_పట్టిక

దేశమంతటికీ ఒకే వరుస రాయొద్దండీ. 2018-20లో మాతృ మరణాలు అస్సాంలో 195, కేరళలో 19, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. అస్సాంకి ముందు కావాల్సింది ఆపరేషన్ చేయగల ఆసుపత్రి. 2019-21 సర్వేలో తెలంగాణలో సిజేరియన్లే 60.7 శాతం, ప్రైవేటులో 81.5. మొదటి కాన్పు కోతతో అయితే రెండోదీ చాలావరకు అటే పోతుంది, మూడోసారికి మాయ పాత కుట్టుకు అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది.

తెలంగాణలో మిడ్‌వైఫ్‌లే (మామూలు కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు) ముందు. 2017లోనే 18 నెలల శిక్షణతో మొదలుపెట్టింది. శిక్షణ పొందిన నర్సును మళ్లీ జనరల్ వార్డు డ్యూటీలో వేస్తే ఆ ఖర్చంతా వృథా. మొత్తం సిజేరియన్ శాతం చూసి తిడితే లాభం లేదు. మొదటి కాన్పు, నెలలు నిండి, ఒకే బిడ్డ, తల కిందికి, నొప్పులు వాటంతటవే వచ్చినవారు, వీళ్లలో ఎంతమందికి కోత పడిందో ఆసుపత్రివారీగా చూడాలి.

గణాంకాల_గది

కొలమానాలు రాసుకున్నాను. ఇంకో ప్రశ్న: ఏరియా ఆసుపత్రుల్లో రక్త నిల్వ కేంద్రాలు ఉండి కూడా తల్లులను పెద్దాసుపత్రికి రిఫర్ ఎందుకు చేస్తున్నారు?

లేబర్‌రూమ్_నైట్‌డ్యూటీ

ఫ్రిజ్, అనుమతి ఉన్నా టెక్నీషియన్ ఒక్కరే ఉంటారు కాబట్టి. సాయంత్రం 5 తర్వాత క్రాస్‌మ్యాచ్ (రక్తం రోగికి సరిపోతుందో చూసే పరీక్ష) చేసేవారు లేకపోతే లోపల రక్తం సంచులున్నా లేనట్టే. రాత్రి డ్యూటీ ల్యాబ్‌వాళ్లందరికీ ఆ పని నేర్పి, మత్తు డాక్టరు, గైనిక్ డాక్టరు ఒకే వారం సెలవు పెట్టకుండా రోస్టర్ వేస్తే, కొత్త భవనం లేకుండానే రిఫరల్స్‌లో కొన్ని ఆగుతాయి. నెలవారీ నివేదికలో రక్తం ఎన్ని యూనిట్లు ఉందో కాదు, రాత్రి 8 నుంచి ఉదయం 8 లోపు ఎన్ని ఎక్కించారో అడగండి.