క్రైస్తవ మినిస్ట్రీ లెక్కలు చూపించమని కానుక ఇచ్చినవాళ్లు అడగొచ్చా?

మాది విశాఖ, గాజువాక. అమ్మ తన పెన్షన్‌లో దశమ భాగం నెలనెలా ఒక పెద్ద టీవీ మినిస్ట్రీకి పంపుతుంది. వచ్చే రసీదు మీద ‘ప్రేమ కానుక’ అని అచ్చు, కింద ఒక వాక్యం, ఓ గీత లాంటి సంతకం. పాన్ నంబరు లేదు, దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ ఊసే లేదు. ఫోన్ చేసి ఆడిట్ రిపోర్టు అడిగితే “దేవుని సొమ్ముకు దేవుడికే లెక్క చెప్తాం బ్రదర్” అన్నారు. చందా సొమ్ము విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని పౌలే తోడుగా నమ్మకస్తుల్ని పంపాడు కదా! బైబిల్లో కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో ఉంది.

అమ్మ విశ్వాసంతో నాకు పేచీ లేదు. డబ్బు ఎటు పోతోందో తెలియాలి, అంతే. అమెరికాలో 2007లో సెనేటర్ చక్ గ్రాస్లీ ఆరు టీవీ మినిస్ట్రీలను లెక్కలడిగితే నాలుగు పూర్తి వివరాలివ్వలేదు. 2011లో ఎవరి మీదా చర్య లేకుండానే అది ముగిసింది. సెనేటర్‌కే దిక్కులేదు, నేనెంత?

విదేశీ నిధులైతే ఏటా ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి. కానీ అమ్మలాంటి వాళ్లిచ్చే కానుకలు అందులో కనబడవు. సొసైటీగా రిజిస్టరై ఉంటే, సభ్యులు కాని మాకు రిజిస్ట్రార్ ఆఫీసులో లెక్కల కాపీ ఇస్తారా? ట్రస్టు అయితే ఎవరిని అడగాలి? ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి ఆర్టీఐ పెడితే ఇస్తారా, మూడో వ్యక్తి సమాచారం అని తిప్పి పంపుతారా? వైజాగ్‌లో ఇలాంటి పని చేసిపెట్టిన ఆడిటర్లు, లాయర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.