సమస్యాపూరణం: మొల్ల కుమ్మరి సారెపై మొగ్గ దొడిగె

పద్యాల అరుగు (నిర్వాహకురాలు):

ఈ వారం సమస్య తేటగీతిలో.

మొల్ల కుమ్మరి సారెపై మొగ్గ దొడిగె

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం, పాదంలోనే కుదిరింది, మొ-మొ. పై మూడు పాదాలు మీవి. సారె అంటే కుండలు చేసే చక్రం, దాని మీద మొల్లతీగ మొగ్గ తొడగడమేంటి అన్నది చిక్కు. కవయిత్రి మొల్లను తెచ్చిపెడితే చిక్కు సగం విడిపోతుందని నాకూ తెలుసు, అందుకే ఆవిడ జోలికి పోకుండా పూరించినవారికి బహుమతిగా ఓ ముద్ద ఎక్కువ.

అసలు సంగతి కూడా చెప్పేస్తాను. మా చెల్లెలికి పాప పుట్టింది, బారసాల దగ్గరపడింది, మొల్ల అనే పేరు పెడతానని అది పట్టుకుని కూర్చుంది, ఇంట్లో సగం మంది బాగుందంటే సగం మంది "అదేం పేరే, పిలవడానికి ఇంకేం దొరకలేదా" అంటున్నారు. కాబట్టి పూరణతో పాటు పేరు మీద కూడా ఒక మాట వేయండి. మీకు తెలిసినవాళ్ళలో ఆ పేరున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కందగర్భం:

ముందుగా నాది. ముద్ద పోయినా సరే, కవయిత్రితోనే.

గోపవరమునఁ గేసన కూఁతురగుచు
పుట్టి పలికెను రాముని పుణ్యచరిత
తేట తెలుఁగున నెల్లరుఁ దెలియునట్లు
మొల్ల కుమ్మరి సారెపై మొగ్గ దొడిగె

పేరు సంగతి అంటారా, ఆతుకూరి మొల్ల తర్వాత ఆ పేరున్న ఇంకో మనిషిని నేను చదవలేదు, చూడలేదు. 1970లో కథానాయిక మొల్ల సినిమా వచ్చింది, వాణిశ్రీ వేసింది, జనం చూశారు, ఇంటికెళ్ళి పిల్లలకు వాణి, వాణిశ్రీ అని పెట్టుకున్నారు గానీ మొల్ల అని పెట్టినవాళ్ళు మా వైపు ఒక్కరూ లేరు. ట్యాంక్ బండ్ మీద విగ్రహం ఉంది, పాఠ్యపుస్తకాల్లో పాఠం ఉంది, పిల్లల హాజరుపట్టీలో మాత్రం కనబడదు.

యతిపట్టు:

కందగర్భం గారూ, ధార బాగుంది, గో-కూ యతి చక్కగా పడింది. రెండు విషయాలు. గోపవరంలో "పుట్టి" అన్నారు. మొల్ల చెప్పుకున్నది గోపవరపు శ్రీకంఠ మల్లేశుడి వరంతో కవిత్వం అబ్బిందని. ఆ గోపవరం బద్వేలు దగ్గరిదని కొందరు, నెల్లూరు వైపుదని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. "పుట్టి" బదులు "యొప్పి" అంటే యతి పోతుంది గనక ఆ పాదమే మార్చాల్సి వస్తుంది, మీ ఇష్టం. రెండోది పెద్దది. మీ పద్యంలో సారెకు పనే లేదు. మూడు పాదాల్లో ఆవిడ జీవితచరిత్ర చెప్పి నాలుగో పాదాన్ని తెచ్చి అతికించారు. సమస్యలో ఏ మాట అసంభవంగా ఉందో దాన్ని పై పాదాలు మోయాలి కదా.

కందగర్భం:

ఒప్పుకోను. కుమ్మరి ఇల్లు అనడానికి సారె అన్నాను, లక్షణ. లోకంలో కుమ్మరి మొల్ల అనే కదా స్థిరపడింది. గోపవరం మాట మాత్రం ఆలోచిస్తాను.

అమరం పాఠకుడు:

పేరు అనగానే అందరూ కవయిత్రి దగ్గర ఆగిపోతున్నారు, అది ముందు పువ్వండీ. మొల్ల అంటే కుందం. మల్లె జాతే గానీ మల్లె కాదు. మల్లె ఎండాకాలపుది, మొల్ల చలికాలపుది. అమరకోశంలో కుందానికి మాఘ్యం అని పేరు, మాఘమాసంలో పూస్తుంది కాబట్టి. కావ్యాల్లో నాయిక పలువరుసను పోల్చేది ఈ మొగ్గలతోనే, కుందరదన అంటే అదే. మల్లేశుడి భక్తుడైన తండ్రి ఆయనకిష్టమైన పువ్వు పేరు కూతురికి పెట్టుకున్నాడని ఒక మాట వాడుకలో ఉంది, మొల్ల పేరుకు నాకు తెలిసిన పుట్టుక అదే. మల్లిక, మల్లీశ్వరి, జాజి అన్నీ పేర్లయినప్పుడు మొల్లకేం తక్కువ? మన పూరణ:

చలికి మల్లెలు లేనట్టి సమయమందు
మంచు చినుకుల నడుమను మాఘమందు
ప్రాకి, మూలకుఁ బడిన యా పాతదైన
మొల్ల కుమ్మరి సారెపై మొగ్గ దొడిగె

వాడకుండా పెరట్లో పడేసిన సారె మీదికి తీగ పాకింది, పూసింది. ముద్ద నాకు రావాలి.

యతిపట్టు:

ఊహ చాలా బాగుంది, ఇప్పటివరకు సారెకు న్యాయం చేసింది మీరొక్కరే. కానీ సమయమందు, మాఘమందు... ఒక్క పద్యంలో ఇన్ని మందులు ఎవరి జబ్బుకండీ? ఇంకోటి, "పాతదైన" సారెకు విశేషణం. మధ్యలో మొల్ల వచ్చి కూర్చునేసరికి "పాతదైన మొల్ల" అని చదువుకుంటాం. దూరాన్వయం. మూడో పాదం చివర విశేషణం లేకుండా చూసుకోండి.

రంగులరాట్నం:

నేను బొమ్మలేసేదాన్ని, నా పూరణ కూడా అలాగే వచ్చింది.

చేతి వేళ్ళతోఁ గుండపైఁ జిత్రముగను
తెల్ల సున్నము దిద్దుచుఁ దీరుగాను
పూల వరుసల నా యింతి పొందుపఱచె
మొల్ల కుమ్మరి సారెపై మొగ్గ దొడిగె

పేరుకు నా ఓటు ఉంది. రెండక్షరాలు, అచ్చ తెలుగు, క్లాసులో ఇంకో ముగ్గురికి అదే పేరు ఉండదు. ఒక్క టెన్షన్ ఏంటంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే బయటి రాష్ట్రాలవాళ్ళు ముల్లా అని చదువుతారు, రికార్డుల్లో అలాగే ఎక్కిస్తారు కూడా. ముందే ఆలోచించుకోండి.

చేతివాటం:

రంగులరాట్నం అక్కా, పద్యం నడక బాగుంది గానీ పని తెలిసినవాళ్ళు నవ్వుతారు. మాది కుండలు చేసే ఇల్లు కాబట్టి చెబుతున్నా. సారె మీద ఉన్నప్పుడు మట్టి పచ్చిగా ఉంటుంది, చెయ్యి ఆరితే చాలు కుండ వంకరపోతుంది, అక్కడ సున్నం పెట్టడం జరగని పని. సారె మీంచి దారంతో అడుగు కోసి దించాలి, కాస్త ఆరాక చెక్కతో తట్టి గుండ్రం తేవాలి, నీడన ఆరబెట్టాలి, ఆవంలో కాల్చాలి, సున్నమూ రంగూ ఆ తర్వాతే. మీ పద్యంలో పూలు పూసింది కుండ మీద, అదీ కాలిన కుండ మీద. సారె ఎక్కడుంది?

యతిపట్టు:

పైగా చిత్రముగను, తీరుగాను. రెండూ పాదం నింపడానికి పిలుచుకొచ్చిన మాటలే.

రంగులరాట్నం:

సరే తమ్ముడూ, కాల్చాక రంగు అన్నది నాకు తెలిసిందే, పద్యం ఊపులో మర్చిపోయినట్టు నటించాను అనుకో.

మెలిక:

ఎవరూ క్రమాలంకారం ముట్టుకోలేదు గనక నేను. ప్రశ్నలు పైన, జవాబులు కింద వరసగా.

రామకథఁ జెప్పె నే కాంత? రమ్యముగను
కుండఁ జేయు నెవ్వఁడు? మన్ను గుండ్రముగను
తిరుగు దేనిపై? నేమేమి తీగ చేసె?
మొల్ల; కుమ్మరి; సారెపై; మొగ్గ దొడిగె

పద్యాల అరుగు:

మెలిక గారూ, పాదాలు విరగ్గొట్టుకుంటూ ప్రశ్నలు సాగడం బాగుంది, "రమ్యముగను" పై పాదంలో ఉండి కింది ప్రశ్నకు చెందడం నాకు నచ్చింది. అయితే క్రమంలో పెట్టిన ఏ సమస్యకైనా ఉండే ఇబ్బంది దీనికీ ఉంది. చిక్కు విడదీయలేదు, మాటల్ని విడదీసి తప్పించుకున్నారు. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు చప్పట్లు కొడతాడు, ఇంటికెళ్ళాక గుర్తుండదు. నేమేమి అని రెండుసార్లు అడగడం కూడా గణం కోసమే కదా?

మెలిక:

గణం కోసమే. ఒక్క ఏమికి తీగ లొంగలేదు.

కొత్తకలం:

అందరికీ నమస్కారం. తేటగీతి రాయడం ఇదే మొదలు, కోప్పడకండి.

ఆడపిల్లకు మొల్ల యని పేరు పెట్టి
యింటివారెల్ల నవ్విరి; యేడ్చె పాప;
పాప పెద్దయి చక్రంబు పట్టుకొనఁగ
మొల్ల కుమ్మరి సారెపై మొగ్గ దొడిగె

ఇంట్లో గొడవ అన్నారు కదా, దాన్నే తీసుకున్నాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మొల్లమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది, ఆవిడ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ ఆ పేరు పెట్టలేదు. ఎందుకని అడిగితే బళ్ళో మొలతాడు అని ఏడిపిస్తారని చెప్పారు.

యతిపట్టు:

కోపం దేనికండీ, రెండో పాదం చదివి గట్టిగా నవ్వాను. మొదటి పాదంలోనే ఇబ్బంది. ఆడ (హ-గణం), పిల్లకు (భ-గణం), ఇక్కడిదాకా బాగుంది. తర్వాత "మొల్ల యని" అంటే గురువు మీద మూడు లఘువులు, అది అక్కడ రావాల్సిన ఇంద్రగణం కాదు. యతి కూడా ఆ-పే, కుదరదు. ఇలా చూడండి:

ఆడపిల్లను మొల్లగా నమ్మ పిలువ

మొల్లగా ర-గణం, మొదటి "ఆ"కు "నమ్మ"లో ఉన్న "అ" యతి. మిగతా మూడు పాదాలకు వంక లేదు. మీ ఊహలో ఒక మంచి సంగతి ఉంది, మొల్ల ఇక్కడ పాతకాలపు మనిషి కాదు, ఇప్పటి పిల్ల. ఎవరైనా దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళాలి.

చేతివాటం:

నేను తీసుకెళ్తా. కొత్తకలం గారి అనుమతితో. సారె పక్కన కూర్చున్నవాళ్ళకు ఒకటి తెలుస్తుంది, కర్రతో తిప్పి వదిలాక ఆ వేగం ఉన్నంతసేపే పని. రెండు బొటనవేళ్ళు నడిమధ్య దించి గుంట చేసి, లోపలి చెయ్యి, బయటి చెయ్యి కలిపి మట్టిని పైకి లాగితే ముందు మూతి మూసుకునే లేస్తుంది, అచ్చం మొగ్గ. తర్వాతే విచ్చుకుంటుంది. అందుకని నా పద్యంలో మొగ్గ తొడిగింది మన్ను. మొల్ల కాదు.

పేరు తాతమ్మ పెట్టెను, పిల్లదాని
బురద చేతుల నడుమను బుల్లి ముంత
యగుచు నల్లని మన్నెల్ల నందమొలుక
మొల్ల కుమ్మరి సారెపై మొగ్గ దొడిగె

మొల్ల అనే కుమ్మరి పిల్ల సారె మీద, నల్లమన్ను ముంతగా మారుతూ మొగ్గ తొడిగింది.

అమరం పాఠకుడు:

అబ్బ! కర్తనే మార్చేశారు. ఒక్క అనుమానం, కుమ్మరి మొల్ల అంటాం గానీ మొల్ల కుమ్మరి అంటామా?

యతిపట్టు:

అంటాం. గంగానది అన్నప్పుడు గంగ అనే నది. మొల్ల కుమ్మరి అంటే మొల్ల అనే కుమ్మరి. సంభావనా పూర్వపద కర్మధారయం, ఏ గొడవా లేదు. "యగుచు"కీ "నందమొలుక"కీ యతి స్వరం మీద నడిచింది, అదీ సరే. నాకు గుచ్చుకున్నది బురద. కుండల మట్టిని మీరు బురద అంటారా?

చేతివాటం:

అస్సలు అనం. మా తాత వింటే పద్యం చింపేస్తాడు. ముంతకు ముందు "బుల్లి" పెట్టాలని పట్టుబట్టి, యతి కోసం బురదలో దిగాను. బంకమన్ను అని ఎక్కడా పట్టలేదు.

పద్యాల అరుగు:

బురద ఉన్నా ముద్ద చేతివాటం గారిదే. కవయిత్రి రాలేదు, సారె కదిలింది, పైగా పేరు బతికున్న పిల్లది అయింది. కందగర్భం గారి పద్యం వినడానికి సొంపుగా ఉంది, తన రామాయణం ముందుమాటలో, అదే అవతారికలో, శాస్త్రాలు నాకు రావని చెప్పుకుని, సుమారు 870 పద్యాల్లో ఆరు కాండలు పూర్తి చేసి, రాజులకు కాక రాముడికే అంకితమిచ్చిన మనిషి గురించి ఆ సొంపుతోనే రాయాలి. కాకపోతే సమస్య అడిగింది అది కాదు. అమరం పాఠకుడు గారి చలికాలపు పూరణకు రెండో స్థానం, మందులు తగ్గించి మళ్ళీ పెట్టండి.

పేరు సంగతి. ముద్ద గెలిచిన పద్యం చెల్లెలికి పంపాను, మాఘ్యం మాట కూడా చెప్పాను. పాప పుట్టింది మాఘంలోనే, దాంతో అది ఇంక ఎవరి మాటా వినేలా లేదు. మా నాన్నగారు ముల్లా దగ్గరే ఆగిపోయారు, రికార్డుల్లో మొల్లమాంబ అని రాయిద్దాం, ఇంట్లో మొల్ల అందాం అంటున్నారు. చెల్లెలు మాంబకు ఒప్పుకోదు. ముల్లా అని చదివినవాళ్ళకు ఒకసారి చెబితే సరిపోతుంది, అరవై ఏళ్ళు మాంబను మోసేదెవరు అంటుంది. నా ఓటు దానికే.

వచ్చే వారం సమస్య, ఇదీ తేటగీతే, ఇదీ ఆడపిల్ల పేరు మీదే. పేరు చెప్పను.

ఆకు లేనట్టి తీగకు నమృత ఫలము

మెలిక:

అపర్ణ! తపస్సులో రాలిన ఆకులు తినడం కూడా మానేసిందని పార్వతికి ఆ పేరు. తీగ అల్లుకున్నది స్థాణువును, అంటే శివుణ్ణి, అంటే మోడును.

పద్యాల అరుగు:

పోస్ట్ పెట్టి ఐదు నిమిషాలు కాలేదు. సరే, రహస్యం పోయింది గనక నియమం పెంచుతున్నా. పద్యంలో పార్వతి, శివుడు, వాళ్ళ మారుపేర్లు ఏవీ రాకూడదు. మోడు కూడా.

మెలిక:

ఇది అన్యాయమండీ.

కొత్తకలం:

నేను ప్రయత్నిస్తాను. "ఆకు లేనట్టి"లో లేనట్టి త-గణమే కదా?

యతిపట్టు:

త-గణమే. రాయండి.