పికప్ ట్రక్కు వేగం పెంచడానికి మొత్తం ఖర్చు ఎంత?

ప్రశ్న: నా దగ్గర ఇసుజు వీ-క్రాస్, 1.9 లీటర్ల డీజిల్ మాన్యువల్ పికప్ ట్రక్కు ఉంది. ఆనందపురం దాటాక జాతీయ రహదారిపై లారీలను దాటవలసి వచ్చినప్పుడు ఇంజను వెంటనే అందుకోవడం లేదు. ఇంజనును నియంత్రించే కంప్యూటరు (ఈసీయూ) సెట్టింగులను మార్చే రీమ్యాప్‌కు గాజువాకలో ఒక మెకానిక్ 35,000 రూపాయలు అడిగారు. ఖర్చు అంతటితో ఆగుతుందా?

మొదటి సమాధానం: ఆగదండి. కంపెనీ క్లచ్‌ను ఇంజను తిప్పే బలానికి, అంటే 360 న్యూటన్ మీటర్ల టార్క్‌కు తగినట్లు అమర్చింది కనుక, టార్క్ బాగా పెంచితే, ముఖ్యంగా బరువుతో అరకు ఘాట్ ఎక్కేటప్పుడు, క్లచ్ జారడం మొదలై, ప్లేటుతో పాటు ప్రెషర్ ప్లేటు కూడా మార్చవలసి రావచ్చు. బ్రేకులను అలాగే వదిలి వేగం మాత్రమే పెంచడం నాకు అసలు నచ్చదు. వారంటీ, బీమా క్లెయిములకూ చిక్కు రావచ్చు. బండిలో చేసే మార్పుల గురించి చెప్పే, 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ను కూడా ఒకసారి చదవండి.

రెండవ సమాధానం: ముందుగా ఎయిర్ ఫిల్టరు, ఇంటర్‌కూలర్ గొట్టాలు చూపించండి. టర్బో ఇంజనులోకి నెట్టే గాలి ఆ గొట్టాల్లో లీకైతే మీరు చెప్పిన లక్షణమే కనిపిస్తుంది. టైర్లు మార్చారా?

ప్రశ్న అడిగినవారు: మార్చానండి, పెద్ద ఆల్ టెరైన్ టైర్లు వేయించాను.

రెండవ సమాధానం: అయితే గేరింగ్ బరువెక్కింది, అంటే పెద్ద టైర్లను తిప్పడానికి ఇంజను ఎక్కువ కష్టపడుతోంది. పాత సైజుకు మార్చి నడిపి చూసిన తరువాతే రీమ్యాప్ గురించి ఆలోచించండి.