ఉత్తర కొరియాలో ఫోన్లు పెరిగితే బలం ఎవరికి?

కొండగాలి:
ఉత్తర కొరియాలో 2008లో ఈజిప్టు కంపెనీ ఒరాస్కామ్ భాగస్వామ్యంతో కోర్యోలింక్ మొబైల్ సేవ మొదలైంది. ఇప్పుడక్కడ లక్షలాది మంది చేతుల్లో ఫోన్లున్నాయి. అసలైన ఇంటర్నెట్ మాత్రం అనుమతి ఉన్న కొద్దిమందికే. మిగిలినవారికి క్వాంగ్‌మ్యోంగ్ అనే దేశీయ నెట్‌వర్కే గతి. అయినా పాలకులు ఎంత బిగించినా ఈ పరికరాలు చివరికి జనానికే పనికొస్తాయని నా నమ్మకం. మీరేమంటారు?

సరళరేఖ:
నేను ఒప్పుకోను. అక్కడి రెడ్ స్టార్ ఆపరేటింగ్ సిస్టమ్ గుట్టును 2015లో ఇద్దరు జర్మన్ పరిశోధకులు బయటపెట్టారు. పెన్‌డ్రైవ్‌లోని ఫొటోను అందులో తెరిస్తే చాలు, ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్క్ నంబరు కంటికి కనపడని ముద్రగా ఫైల్లో చేరిపోతుంది. ఆ ఫైలు పది కంప్యూటర్లు తిరిగితే పది ముద్రలు. ఆఖరివాడు పట్టుబడితే మొదటివాడి గుమ్మం దాకా దారి దొరికినట్టే. ఇక ఫోన్లలో ప్రభుత్వ డిజిటల్ సంతకం, అంటే సర్కారు ఆమోదముద్ర, లేని ఫైలు తెరుచుకోదు. పైగా మనం ఏం చూస్తున్నామో ఫోనే మధ్యమధ్యలో స్క్రీన్‌షాట్లు తీసి దాస్తుంది. యజమాని వాటిని చూడగలడు, చెరపలేడు. నన్ను వణికించింది ఇదే. నిఘాను దాచలేదు, కావాలనే కంటికి కనిపించేలా పెట్టారు.

కొండగాలి:
సరళరేఖ గారూ, నోటెల్ సంగతి మరిచారు. చైనా నుంచి వచ్చే చవక ప్లేయర్ అది. డిస్కూ పడుతుంది, పెన్‌డ్రైవూ పడుతుంది. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా ఆగదు. సర్కారు సినిమా డిస్కు లోపల పెట్టి, పెన్‌డ్రైవ్‌లో దక్షిణ కొరియా సీరియల్ చూసేవారు. తలుపు చప్పుడైతే పెన్‌డ్రైవ్ లాగేయడమే. తనిఖీవాళ్లు ప్లేయర్‌ను తాకి ‘వేడిగా ఉందేం?’ అని అడిగితే చూపించడానికి ఆ డిస్కు ఉండనే ఉంది.

సరళరేఖ:
మీ ఉదాహరణ నా వాదనకే బలం. నోటెల్‌కు ఏ నెట్‌వర్కూ లేదు, అందుకే అది జనం పక్షాన నిలిచింది.

రావిచెట్టు:
ఇద్దరూ యంత్రాల దగ్గరే ఆగిపోయారు. 2020 జనవరిలో కోవిడ్ కారణంగా సరిహద్దు మూసేశారు, నోటెల్ వచ్చే దారీ సన్నబడింది. అదే ఏడాది డిసెంబరులో విదేశీ సంస్కృతి మీద కొత్త చట్టం తెచ్చారు. దక్షిణ కొరియా సినిమా చూస్తే 15 ఏళ్ల దాకా శిక్ష, పెద్దఎత్తున పంచితే మరణదండన కూడా పడవచ్చు. కొండగాలి గారూ, మీ నమ్మకం నిజమయ్యేలోగా ఆ పెన్‌డ్రైవ్ పట్టుకున్న పిల్లవాడి బతుకు ఏమవుతుంది? ముందు దానికి జవాబు చెప్పండి.

కొండగాలి:
నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ శిక్ష తెలిసీ చూస్తున్నవారున్నారు. నేను నమ్మకం పెట్టుకున్నది వాళ్ల మీద.