అమ్మానాన్నలకి పనికొచ్చే గరాజ్ గోడ బటన్ ఏది కొనాలి?

గుంటూరోడు_ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 2014లో కట్టిన ఇల్లు, మేం కొనుక్కుని మూడేళ్లయింది. గరాజ్ తలుపుకి లిఫ్ట్‌మాస్టర్ మోటార్, పాత ఓనర్ పెట్టించిందే. ఇంట్లోంచి గరాజ్‌లోకి దిగే తలుపు పక్కన గోడకి ఒక ప్యానెల్ ఉంది. మధ్యలో పెద్ద బటన్, కింద రెండు చిన్నవి. ఒకదాని మీద బల్బు బొమ్మ, ఇంకోదాని మీద తాళం బొమ్మ.

మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి ఆరు నెలలకని వచ్చారు. వచ్చిన వారం నుంచి పొద్దున పూట నా కారు రిమోట్ పనిచేయడం మానేసింది. గోడ మీద పెద్ద బటన్ నొక్కితే మాత్రం తలుపు బాగానే లేస్తుంది. కారు బయటికి తీశాక మళ్లీ లోపలికొచ్చి బటన్ నొక్కి, దిగే తలుపు కింద నుంచి కింది సెన్సర్‌కి కాలు తగలకుండా గెంతుతూ బయటపడటం. ఆఫీసు బట్టల్లో. రిమోట్‌కి బ్యాటరీ మార్చాను. రెండోసారీ మార్చాను. ఇక రిమోటే పోయిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టాను.

ఒక రాత్రి మంచినీళ్లకి లేచి చూద్దును కదా, నాన్న లుంగీ కట్టుకుని గరాజ్ మెట్టు మీద నిలబడి ఆ తాళం బొమ్మని వేలితో నొక్కి పట్టుకుని ఉన్నారు. ఏం చేస్తున్నారు అంటే, "మీరెవరూ పడుకునేముందు దీనికి తాళం వెయ్యట్లేదురా, రోజూ నేనే వేస్తున్నా" అన్నారు. మాన్యువల్ తీసి చూస్తే అది రిమోట్లన్నిటినీ ఆపేసే బటన్. ఊరెళ్లేటప్పుడు వాడుకోవాలట. తాళం బొమ్మ ఉంది, ఆయన తాళం వేశారు. ఆయన్ని ఏమంటాం?

అందుకని ఈ ప్యానెల్ తీసేసి ఒకే ఒక్క బటన్ ఉన్నది పెడదామనుకున్నాను. హార్డ్‌వేర్ షాపులో మామూలు కాలింగ్ బెల్ బటన్ 5 డాలర్లకి తెచ్చి, పాత ప్యానెల్‌కి ఉన్న రెండు వైర్లూ దానికే బిగించాను. నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. పాతది తిరిగి పెడితే పనిచేస్తోంది.

ఇంకో సంగతి. అమ్మ, "వంటింటి గోడ మీద కూడా ఒకటి పెట్టించరా, నాన్న వాకింగ్ నుంచి రాగానే పొయ్యి దగ్గర నుంచే తెరుస్తా" అంటోంది. అది కుదురుతుందా? అసలు కాలింగ్ బెల్ బటన్ ఎందుకు పనిచేయలేదు? ఏది కొనాలి?

సుమ_ప్లేనో:

ఇంత కష్టం ఎందుకండీ. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే సరిపోతుంది కదా. మా అత్తగారికి కూడా నేర్పించాం. బయట తలుపు పక్కన నంబర్లు నొక్కే కీప్యాడ్ ఒకటి పెట్టండి, అంకుల్ వాకింగ్ నుంచి వచ్చి ఆయనే తీసుకుంటారు.

గుంటూరోడు_ఫ్రిస్కో:

కీప్యాడ్ ఐడియా బాగుంది సుమ గారూ, అది పెడతాను. యాప్ మాత్రం అయ్యే పని కాదు. నాన్న ఫోన్ తీసి, కళ్లజోడు వెతికి, లాక్ తీసి, యాప్ వెతికేసరికి నడిచి ఇంకో రౌండ్ వేసి రావచ్చు. పైగా అమ్మ ఫోన్ ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది. గోడ మీద బటన్ కావాలి, అంతే.

పాత_స్క్రూడ్రైవర్:

తమ్ముడూ, యాప్ ఉన్నా గోడ బటన్ ఉండాల్సిందే, ఎందుకో చివర్లో చెప్తాను. ముందు నిచ్చెన వేసుకుని మోటార్ దగ్గరికి ఎక్కి, సన్నటి యాంటెన్నా తీగ వేలాడే చోట లెర్న్ బటన్ (కొత్త రిమోట్‌ని మోటార్‌కి పరిచయం చేసేది) ఏ రంగులో ఉందో చూడు. 2014 ఇల్లు అంటున్నావు కాబట్టి పసుపే అయ్యుంటుంది. నీ కథంతా ఆ రంగులోనే ఉంది.

నాది ఇర్వింగ్‌లో పాత ఇల్లు. మోటార్ 2004ది, లెర్న్ బటన్ నారింజ రంగు. దానికి కాలింగ్ బెల్ బటనే పెట్టాను, ఏళ్ల తరబడి పనిచేస్తోంది. ఎందుకంటే ఆ కాలం మోటార్‌కి కావాల్సింది రెండు వైర్లు ఒక్క క్షణం కలవడమే. కలిస్తే కదులుతుంది. ఆకుపచ్చ, నారింజ, ఊదా రంగులవన్నీ ఇదే పద్ధతి. 2011 నుంచి వస్తున్న పసుపు రంగువాటిలో పద్ధతి మారింది. సెక్యూరిటీ ప్లస్ 2.0 అంటారు. అందులో గోడ ప్యానెల్, మోటార్ అవే రెండు వైర్ల మీద కోడ్ భాషలో మాట్లాడుకుంటాయి. తలుపు ఎత్తు, లైటు వెయ్యి, రిమోట్లు ఆపు అని ప్యానెల్ చెబుతుంది. కాలింగ్ బెల్ బటన్‌కి ఆ భాష రాదు. రెండు వైర్లూ ఊరికే కలిపితే మోటార్‌కి అందే మాటేమీ ఉండదు. కొన్ని మోడళ్లు కలిపినా కదులుతాయని అంటారు కానీ నువ్వు ఎలాగూ చూశావు కదా, నీది కదల్లేదు. దాన్ని నమ్ముకోకు.

నీకు కావాల్సింది 883ఎల్ఎమ్ అనే నంబరుది. పసుపు బటన్ మోటార్ల కోసమే చేసింది. ఒకటే పెద్ద బటన్, తాళం లేదు, బల్బు లేదు. మీ నాన్నగారికి నొక్కడానికి ఇంకేమీ దొరకదు. ఇంకో రంగు మోటార్ల కోసం చేసిన ఇలాంటి బటన్ కొంటే నీదానికి పనిచేయదు, కాబట్టి ముందు నిచ్చెన ఎక్కు, తర్వాత కొను.

మార్చేటప్పుడు మొదట పాత ప్యానెల్‌లో ఆ తాళం ఆఫ్ అయి ఉందో లేదో చూసుకో. కారు రిమోట్ నొక్కి తలుపు ఒకసారి లేపి దింపు. తాళం వేసి ఉండగానే ప్యానెల్ పీకేశావంటే, కొత్తదాంట్లో దాన్ని తీసే బటనే ఉండదు. తర్వాత మోటార్ ప్లగ్ తీసేయ్. ఎరుపు గీత ఉన్న తెల్ల వైరు ఎరుపు దగ్గరికి, ఒట్టి తెల్లది తెలుపు దగ్గరికి. వైరు గోడకి కొట్టేటప్పుడు స్టేపిల్‌ని గట్టిగా దిగ్గొట్టకు. మా తమ్ముడింట్లో ఒక స్టేపిల్ పైతొడుగుని చీల్చి రెండు తీగల్నీ కలిపేసింది. తలుపు అర్ధరాత్రి దానంతటదే లేచేది. దయ్యం అనుకుని హనుమాన్ చాలీసా కూడా పెట్టారు. మోటార్ దగ్గర బటన్ వైర్లు పీకి చూస్తే దయ్యం ఆగిపోయింది. అలాంటిదేమైనా వస్తే మొదట చేయాల్సిన పరీక్ష అదే.

ఇంకొకటి. ఇంట్లో లైట్లకి వాడే స్విచ్ మాత్రం ఎవరు చెప్పినా పెట్టకు. అది ఒకసారి నొక్కితే ఆన్‌లోనే ఉండిపోతుంది. ఈ పనికి నొక్కి వదిలేదే కావాలి. పైగా ఇవి సన్న వైర్లు, చాలా తక్కువ వోల్టేజీ. 120 వోల్టుల లైన్ పొరపాటున తగిలిందా, మోటార్ బోర్డు అక్కడికక్కడే కాలిపోతుంది.

అమ్మగారి వంటింటి బటన్‌కి నేను ఒప్పుకోను. గోడ బటన్ తలుపు కనిపించే చోటే ఉండాలని మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంటుంది. కారణం చెప్తాను, యాప్ ఉన్నా గోడ బటన్ ఎందుకు కావాలో కూడా ఇదే. నేలకి 6 అంగుళాల లోపు రెండు పక్కలా సెన్సర్ కళ్లుంటాయి కదా, మధ్యలో ఏదైనా అడ్డొస్తే దిగే తలుపు వెనక్కి లేస్తుంది. 1993 నుంచి అమెరికాలో తయారయ్యే ఇంటి మోటార్లన్నిటికీ ఇలాంటి రక్షణ తప్పనిసరి. అయితే ఆ కళ్లు పాడైనా, పక్కకి జరిగినా తలుపు అసలు దిగదు. అప్పుడు గోడ బటన్‌ని తలుపు నేలకి ఆనేదాకా నొక్కి పట్టుకుంటే దిగుతుంది. అంటే ఆ కాసేపు మెషీన్ కళ్లకి బదులు నీ కళ్లే కాపలా. వంటింట్లో పోపు వేస్తూ ఆ కాపలా కాయలేం. మనవళ్లు తిరిగే ఇల్లు.

ఎత్తు కూడా చూసుకో. కనీసం 5 అడుగులు. పిల్లలకి అందకూడదు. అది గరాజ్ నేల నుంచి కాదు, మనిషి నిలబడే చోటు నుంచి. మెట్టు ఉంటే మెట్టు నుంచి కొలవాలి.

తెనాలి_షట్టర్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా బట్టల షాపుకి మోటార్ రోలింగ్ షట్టర్ ఉంది. దానికి పైకి, ఆపు, కిందికి అని మూడు బటన్ల స్విచ్. ఒకటి పాడైంది. పెద్దన్న గారు చెప్పిన బటన్ మా బావ వచ్చేటప్పుడు తెమ్మంటే ఇక్కడ పనిచేస్తుందా?

పాత_స్క్రూడ్రైవర్:

వద్దు బాబూ. మీ స్విచ్‌లోకి వచ్చేది చాలాచోట్ల నేరుగా 230 వోల్టులే. పైకి ఒక లైను, కిందికి ఒక లైను. రెండింటికీ ఒకేసారి కరెంట్ వెళ్లిందంటే మోటార్ పోయినట్టే, అందుకే ఒకటి నొక్కితే రెండోది పడకుండా లోపలే అడ్డు ఉన్న స్విచ్ వాడతారు. షట్టర్ బిగించినవాళ్లనే పిలిచి అదే రకం వేయించుకో. బావ చేత చాక్లెట్లు తెప్పించుకో.

సుమ_ప్లేనో:

స్క్రూడ్రైవర్ గారూ, మాకు సాయంత్రం పూట మాత్రమే తలుపు సగం దిగి మళ్లీ లేచిపోతుంది, మోటార్ లైటు టకటకా కొట్టుకుంటుంది. పొద్దున బాగానే ఉంటుంది. ఇది కూడా బటన్ సమస్యేనా?

పాత_స్క్రూడ్రైవర్:

మీ గరాజ్ పడమటి ముఖమా అమ్మా? అయితే ఎండ. వాలే పొద్దు నేరుగా ఒక కంట్లో పడుతోంది. లిఫ్ట్‌మాస్టర్, చాంబర్లెన్ వాటిలో పంపే కన్నుకి పసుపు లైటు, అందుకునే కన్నుకి ఆకుపచ్చ లైటు ఉంటుంది. ఆకుపచ్చ లైటు కన్నుని నీడ పక్కకి మార్చండి. లేదంటే దాని ముందు చిన్న గొట్టం ముక్క గొడుగులా తొడగండి. నేను అట్ట గొట్టం పెట్టాను, రెండేళ్లుగా అదే ఉంది.

గుంటూరోడు_ఫ్రిస్కో:

అందరికీ థాంక్స్, శనివారం పని అయిపోయింది. లెర్న్ బటన్ పసుపే. 883ఎల్ఎమ్ 20 డాలర్ల లోపే దొరికింది. వైర్లు బిగించి ప్లగ్ పెట్టగానే ఒక్క నొక్కుకి లేచింది.

ఎత్తు విషయంలో అన్న చెప్పింది నిజం. పాత ప్యానెల్ గరాజ్ నేల నుంచి సరిగ్గా 5 అడుగులే. కానీ మా తలుపు ముందు రెండు మెట్ల గట్టు ఉంది. గట్టు మీద టేపు ఆనించి కొలిస్తే 3 అడుగుల 11 అంగుళాలు వచ్చింది. మా నాలుగేళ్ల పాపని పిలిచి నొక్కమన్నాను. మునివేళ్ల మీద లేవాల్సిన అవసరం కూడా లేకుండా నొక్కేసింది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే మా అదృష్టం. గట్టు నుంచి 5 అడుగులకి ఎత్తాను. వైరు చాలదేమో అనుకున్నా, గోడ లోపల ఒక చుట్ట మిగిలే ఉంది. అమ్మ 4 అడుగుల 10 అంగుళాలు, చెయ్యెత్తితే హాయిగా అందుతోంది. వంటింటి బటన్ ఎందుకు వద్దో చెప్తే "సరేలే, కీప్యాడ్ ఉందిగా" అంది. కీప్యాడ్‌కి నంబరు మాత్రం తనే పెట్టింది, నాకు ఇంకా చెప్పలేదు.

ఏదైనా తగిలితే తలుపు వెనక్కి లేచే రక్షణ కూడా చూశాను. తలుపు కింద కట్టె ముక్క ఒకటి పడుకోబెట్టి దింపితే, తగలగానే వెనక్కి లేచింది.

ఒక్క సమస్య మిగిలింది. నాన్న కొత్త బటన్ ముందు కాసేపు నిలబడి, "మరి రాత్రి తాళం ఎక్కడ వెయ్యాలిరా?" అన్నారు. గరాజ్ తలుపు లోపలి పక్క పాతకాలం గడియ ఉంది, అది వేస్తానన్నారు. ఏం చెప్పాలి?

పాత_స్క్రూడ్రైవర్:

ఆ గడియ ఇవాళే విప్పేయ్, లేకపోతే తీసి ఉన్న చోటే తాడుతో కట్టేసెయ్. గడియ వేసి ఉండగా ఎవరైనా రిమోట్ నొక్కితే మోటార్ బలం, గడియ బలం తేల్చుకుంటాయి, మధ్యలో తలుపు వంగిపోతుంది. ఊరెళ్లేటప్పుడైతే మోటార్ ప్లగ్ పీకి, ఆ తర్వాత గడియ వేసుకోవచ్చు. రోజూ రాత్రి అయితే గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపుకి డెడ్‌బోల్ట్, అంటే చట్రంలోకి దూరే గట్టి తాళం, ఉంటుంది కదా, ఆ డ్యూటీ నాన్నగారికి అప్పగించు. అసలు వేయాల్సిన తాళం అదే, మనలో సగంమంది వెయ్యం.

గుంటూరోడు_ఫ్రిస్కో:

అప్పగించాను అన్నా. ఇప్పుడు రోజూ పదిన్నరకి ఠక్ మని చప్పుడు వినిపిస్తుంది, తర్వాత నాన్న చెప్పుల శబ్దం. నిన్న రాత్రి నేను చెత్త డబ్బా బయట పెట్టడానికి గరాజ్‌లోకి దిగానని ఆయన చూడలేదు. కొత్త బటన్ నొక్కి బయటికొచ్చి, ముందు గుమ్మం చుట్టూ తిరిగి వెళ్లి కాలింగ్ బెల్ కొట్టాను.