‘పానీయాల్లో ఉన్నంత నీళ్లు తిరిగి ఇస్తాం’ అనే పానీయాల కంపెనీని ఏ లెక్క అడగాలి?

గెడ్డగట్టు (గుణుపూరు): అమ్మిన పానీయాల్లో ఉన్నంత నీటిని 2020 కల్లా ప్రకృతికి తిరిగిస్తామని కోకా-కోలా 2007లో చెప్పింది, 2015లోనే ఇచ్చేశామంది. రేపు వంశధార పక్కన ఎవరైనా ప్లాంటు పెట్టి ఇదే మాటంటే మనం ఏటి అడగాలి?

ప్లాంటుమనిషి (రాయగడ): లీటరు పానీయానికి ఎన్ని లీటర్లు తోడుతున్నారో అడగండి. బాగా నడిచే ప్లాంటులో రెండు లోపే ఉంటాది. ప్లాస్టిక్ సీసాను గాలితో కడుగుతారు. ట్యాంకుల చివరి కడుగు నీళ్లు దాచి, తర్వాతిసారి మొదటి కడుగుకి వాడతారు. ఇసుక ఫిల్టరును కడిగిన నీళ్లు తేర్చి మళ్లీ ముందుకు పంపుతారు. తిరిగొచ్చే గాజు సీసాలకే నీళ్ల ఖర్చు ఎక్కువ, వాటిని తోమే కాస్టిక్ సోడా పోయేదాకా కడగాలి కదా.

చెరుకుతోట: పంచదార ఏమైంది సార్? కిలో చెరుకు పంచదారకు ప్రపంచ సగటున సుమారు 1,780 లీటర్లు, వాననీటితో కలిపి. లీటరు పానీయంలో వంద గ్రాములుంటే 178 లీటర్లు. మీ రెండు లీటర్లు అందులో ఏ మూలకి?

ప్లాంటుమనిషి: ఆ చెరుకు ఎక్కడిదో! గుణుపూరు బోర్ల గురించి అడిగితే పంచదార దేనికి?

చెరుకుతోట: కంపెనీ కొనకపోతే ఆ చెరుకు ఎవరు నాటుతారు? 178కి జవాబు రాలేదు.



బోరుమేస్త్రి (పర్లాకిమిడి): పైకప్పు నీళ్లు ఇంకిస్తాం అంటారు కదా, లెక్క కట్టండి. పదివేల చదరపు మీటర్ల కప్పు, 1,200 మి.మీ. వాన, అందులో 80 శాతం దక్కితే 96 లక్షల లీటర్లు. రోజుకి 5 లక్షలు తోడే ప్లాంటుకి అది 19 రోజులు. మిగతాది చెక్‌డ్యాముల నుంచి రావాలి. మనది కొండరాయి, నీళ్లు నిలిచేది పైనున్న మెత్తరాతి పొరలోనూ కింద పగుళ్లలోనూ. ఆగస్టుకి ఆ పొర నిండిపోయి ఇంకుడు గుంత నీళ్లు తాగదు. తాగినవీ చాలామట్టుకు మెల్లగా గెడ్డలోకి, అంటే వాగులోకి దిగిపోతాయి. ఏప్రిల్‌లో బోరుకి దక్కేది కొంచెమే, కాగితం మీద మాత్రం తోడిందీ ఇంకించిందీ సమానం. పైగా మొదటి వాన బురదను పక్కకి వదలకపోతే, ఏటా పై ఇసుక గీకి మార్చకపోతే మూడో ఏటికి గుంత మూసుకుపోతాది.

ప్లాంటుమనిషి: గెడ్డ జనవరి దాకా పారితే అదీ లాభమే కదా.

బోరుమేస్త్రి: లాభమే. దాన్ని ఏప్రిల్ బోరు ఖాతాలో రాయకండి.

ప్లాంటుమనిషి: వేసవి వరికి తోడేది ఎవరూ కొలవరు. ఫ్యాక్టరీ అనగానే కేరళలో కోకా-కోలా ప్లాంటు పెట్టిన ప్లాచిమడ అంటారు. రోజుకి వంద ఘనపు మీటర్లు దాటి తోడే పరిశ్రమ ఏటా నీటి ఆడిట్ చేయించాలని కేంద్ర భూగర్భజల అథారిటీ 2020లోనే చెప్పింది. ఇంకేం కావాలి మీకు? ఫ్యాక్టరీయే వద్దంటే సూటిగా అనండి!

గెడ్డగట్టు: ప్లాచిమడ ఇంతవరకు మీరు తప్ప ఎవరూ ఎత్తలేదు. ఎత్తారు గనక చెబుతున్నాను: 2000లో మొదలైన ప్లాంటు 2004లో ఆగింది. నష్టం 216 కోట్లని కమిటీ 2010లో తేల్చింది. అంటే పది సంవత్సరాలకి లెక్క తేలింది. నా భయం అక్కడే. ఆడిటర్‌కి డబ్బిచ్చేది కంపెనీ, నివేదిక వెళ్లేది ఆఫీసుకి. బావి ఎండే ఊరు ఆ కాగితం ఎప్పుడు చూస్తుంది?

ప్లాంటుమనిషి: ఊరు చూస్తే ఆపేయమంటుంది. ఏ కంపెనీ ఒప్పుకుంటాది?

గెడ్డగట్టు: అదిగో, ఇప్పుడు చెప్పారు. మట్టం పడితే ఆపమనే హక్కు ఊరికి ఉండాలంటాను నేను, ఉండకూడదంటారు మీరు. రెండు లీటర్ల గొడవ ఎందుకు ఇంతసేపు?

ప్లాంటుమనిషి: ఆపడం వద్దు. తగ్గించడానికి ఒప్పుకుంటాను, అదీ మట్టం కొలిచాకే.

బోరుమేస్త్రి: అయితే కొలిచే బోరు ప్లాంటు కాంపౌండులో వద్దు. దిగువ ఊరి బావి దగ్గర వేయండి, తాళం పంచాయతీకి ఇవ్వండి. ప్లాంటు కట్టకముందు రెండు వేసవుల మట్టం రాసిపెట్టుకోవాలి, లేకపోతే తర్వాత దేంతో పోలుస్తారు?

చెరుకుతోట: 178?